మీ కిటికీలో డబ్బా

బావగారికి నమస్కారాలు.

ఇంత మాట ఎదుట నిలబడి చెప్పలేక రాస్తున్నాను. వెనక గదిలో వైఫై అందక అత్తయ్యగారు ఎంత నలిగిపోయారో మీకు తెలియదు. వినపడని మనిషి, చెల్లెలితో వీడియోలో చేతులతోనే కదా కబుర్లన్నీ! మధ్యలో బొమ్మ ఆగిపోతే, చెల్లికి తన మీద కోపమొచ్చిందని ముసుగుతన్ని పడుకునేవారు.

సిగ్నల్ అందుకుని ముందుకు పంపే రెండో వైఫై డబ్బా కొని, మహా తెలివిగా ఆవిడ గదిలోనే పెట్టాం. మా రౌటర్ సిగ్నలే అక్కడికి చేరనప్పుడు అదేం అందుకుంటుంది, ఏం పంచుతుంది? "రెండు గదులకీ నడుమ పెట్టాలమ్మా" అన్నాడు మెకానిక్. నడుమ ఉన్నది మీ వాటా. మీకూ మీ తమ్ముడికీ మాటల్లేవాయె. ఆయన గోడకేసి చూస్తూ కూర్చుంటే, నేనే గుండె చిక్కబట్టుకుని వచ్చాను. మీరు ఒక్క ప్రశ్నా వేయకుండా కిటికీలోని పూలకుండీ దించి చోటిచ్చారు. గది దాటితే లైటూ ఫ్యానూ ఆపేసే మీరు, దాన్ని మాత్రం ఇంతవరకూ ఆపలేదు. మీ మేలు మరిచిపోలేను.

ఇప్పుడు చిక్కల్లా ఒక్కటే. డబ్బా మీ కిటికీలో చూసి, అన్నదమ్ములు కలిసిపోయారనుకున్నారు అత్తయ్యగారు. నిన్న వీడియోలో మీ పిన్నిగారికి అదే చెబుతూ రెండు చేతులూ గట్టిగా పెనవేసి చూపించారు. కాదని చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

ఆదివారం పిన్నిగారు మీ ఇద్దర్నీ పక్కపక్కన చూడాలంటున్నారు. మీ తమ్ముడికి చెప్పాను. ఆయన వెళ్లి అత్తయ్యగారి మంచం పక్కన రెండు కుర్చీలు వేసి వచ్చారు.

మీ మరదలు