ముందు తడి, తర్వాత నెయ్యి

14-5-98, గురువారం. ఆత్రేయపురం.

"ఒంటికి ఏం రాస్తున్నారమ్మా?" అని డాక్టరుగారు అడిగితే గర్వంగానే చెప్పాను, అత్తయ్యగారికి మూడు నెలలుగా రెండు పూటలా కొబ్బరినూనె రాస్తున్నానని. ఆయన ఆవిడ నాలుక చూసి, మెడ కింద చర్మం రెండు వేళ్ళతో పట్టి వదిలారు. ముడత అలాగే నిలబడిపోయింది.

"పొట్టు రాలే పొడి చర్మమైతే నూనె చాలునండి. ఈవిడకి ఒంట్లో నీళ్ళే లేవు. పైన ఎంత రాసినా లోపలికి నీళ్ళు రావు కదా."

ఇంటికొచ్చి, నీళ్ళెందుకు తాగడం లేదని అడిగాను.

"తాగితే రాత్రి నాలుగుసార్లు నిన్ను లేపాలి కదమ్మా."

"మళ్ళీనా అండి" అని ఒకసారి విసుక్కున్నాను. ఒక్కసారే. అప్పటినుంచేనేమో...

పూతరేకులు చుట్టడం నాకు నేర్పింది ఆవిడే. ఎండిన రేకుకి నెయ్యి రాస్తే ముక్కలైపోతుంది, ముందు తడిగుడ్డ అద్దు అనేవారు. ఇన్నేళ్ళుగా రేకుకి మాత్రం మర్చిపోకుండా అద్దుతున్నాను.

ఇందాక గ్లాసు నోటి దగ్గర పెట్టి బతిమాలాను. పెదవులు తడుపుకొని, "చాలమ్మా, నువ్వు పడుకో" అన్నారు. గ్లాసు నిండుగానే ఉంది.