గాలి మార్పుకు వెళ్ళొచ్చే కారు

సాలో, మార్చి 6

ఎస్కిల్ మామయ్యకి తూరా నమస్కారాలు.

ఫోనుండేది పడవ మునిగినప్పుడు చెప్పుకోడానికేనని నువ్వంటావు కదా, అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇంకా మునగలేదు గానీ నీళ్ళు మాత్రం లోపలికొస్తున్నాయి. నువ్వమ్మిన కారు గతుకు తగిలినప్పుడల్లా ముందు ఎడమవైపు ఎవరో తలుపు తట్టినట్టు టకటకమంటోంది. వెనక బ్రేకులు పట్టుకుంటే వదలట్లేదు.

మెకానిక్ సర్వీసు పుస్తకం అడిగాడు. ఇచ్చాను. అందులో ఏడాదికొకటి చొప్పున పదకొండు సార్లు "ఏ ఇబ్బందీ లేదు" అని నీ దస్తూరీ. అతను పేజీలు రెండోసారి తిరగేశాడు.

ఏప్రిల్ 20న కారు తనిఖీ. అందులో నెగ్గకపోతే నా పద్నాలుగు మంది ముసలివాళ్ళ దగ్గరికి మందులతో వేరే నర్సుని పంపుతామంది మున్సిపాలిటీ. పాత రిపేరు రసీదులుంటే పంపు మామయ్యా.

నీ మేనకోడలు,
తూరా

తా.క.: ఆ పుస్తకం ఫోటో తీసి మెకానిక్ తన గోడకి అంటించుకున్నాడు.

ఆల్‌హోల్మ్ దీవి, మార్చి 13

చిరంజీవి తూరాకి మామయ్య దీవెనలు.

రసీదులా? జబ్బే లేనివాడికి మందుల చీటీ ఎక్కణ్ణించి వస్తుంది? పదకొండేళ్ళు నడిపాను, ఒక్కసారి కూడా పానా పట్టుకోలేదు. మా దీవిలో అలాంటి కారు ఇంకొకటి లేదని రేవు దగ్గర ఎవరినడిగినా చెప్తారు.

రహస్యం చెప్తా విను. ఏటా ఏప్రిల్‌లో సముద్రం మీది మంచు కరిగాక నేను రెండు వారాలు హెర్రింగ్ చేపల వేటలో పడవ మీదే ఉంటాను. అప్పుడు మీ గున్‌వర్ అత్తయ్య కారేసుకుని పర్గాస్‌లో వాళ్ళక్క ఇంటికి వెళ్తుంది. తిరిగొచ్చేసరికి ఏ చప్పుడూ ఉండదు, కారు కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. ఉప్పుగాలికి దూరంగా, గాలి మార్పు. మనిషికి పనిచేసేది ఇనుముకి పనిచేయదా? నువ్వూ దాన్ని సముద్రానికి వీపు పెట్టించి నిలబెట్టు.

అమ్మేముందు ఏప్రిల్ దాకా ఆగమని అత్తయ్య అంది. ఎందుకని నేనడగలేదు, తను చెప్పలేదు. ఒకరినొకరు ఆరాలు తీయడం మా ఇంటా వంటా లేదు.

మీ మామయ్య,
ఎస్కిల్

తా.క.: ఆ టకటక గతుకుల్లోనేనా, స్టీరింగు తిప్పినప్పుడు కూడానా అని అత్తయ్య అడగమంది. ఆడవాళ్ళకి ఊసుపోదు.

సాలో, మార్చి 22

మామయ్యకి తూరా నమస్కారాలు.

కారుని వారం రోజులు సముద్రానికి వీపు పెట్టించాను. పక్కింటివాళ్ళ కిటికీకి ముఖం పెట్టినట్టయి వాళ్ళు మాట్లాడటం మానేశారు. టకటక మాత్రం మానలేదు.

చివరికి ముందు చక్రం రబ్బరు బుష్‌లకి నూట తొంభై యూరోలు, వెనక బ్రేకులకి నాలుగు వందల ముప్ఫై అయ్యాయి. ఇప్పుడు పొగగొట్టం మసి ఫిల్టరు మూసుకుపోయిందని డ్యాష్‌బోర్డు మీద దీపం వెలిగింది. మారిస్తే పదకొండు వందలట. నా నెల జీతంలో సగం.

ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు. ఈ కారుకి పదకొండేళ్ళలో చాలా రిపేర్లయ్యాయని, చేసిన చెయ్యి తనకంటే మంచిదని మెకానిక్ అంటున్నాడు. చేయించి ఉంటే చేయించానని చెప్పొచ్చు కదా. అందులో చిన్నతనమేముంది?

తూరా

తా.క.: గతుకుల్లోనే అని అత్తయ్యకి చెప్పు.

ఆల్‌హోల్మ్ దీవి, ఏప్రిల్ 1

తూరాకి.

అంటే నేను అబద్ధాలకోరునా? అరవై తొమ్మిదేళ్ళకి సొంత మేనకోడలితో అనిపించుకోవాల్సొచ్చింది. కారు తిరిగి తెచ్చెయ్. నీ ఏడు వేల యూరోలు కవరులో పెట్టి వంటింటి బల్ల మీద ఉంచాను. కారు రేవులో వదిలి, కవరు తీసుకుని అటునించి అటే వెళ్ళిపో, కాఫీకి ఆగనక్కర్లేదు.

ఇక్కడ నా తిప్పలు నాకున్నాయి. ఈ ఏడు మంచు ఇంకా కరగలేదు, నేను ఇంట్లోనే ఉన్నాను. కారు లేక అత్తయ్య పిల్లి మీదా ఎలక మీదా పెట్టి విసుక్కుంటోంది. బస్సెక్కయినా పర్గాస్ వెళ్తానంటోంది. సరే, ఈసారి నేనూ వస్తానన్నాను. ఆవిడ చేతిలోంచి గరిట జారిపోయింది.

ఎస్కిల్

తా.క.: ఫిల్టరు అప్పుడే మార్చొద్దట. పెద్ద రోడ్డెక్కి, ఇంజను నిమిషానికి మూడు వేల తిప్పుల మీద అరగంట ఆపకుండా నడిపితే మసి కాలిపోతుందట. అత్తయ్య అంటోంది. టీవీలో చూసుంటుంది.

సాలో, ఏప్రిల్ 7

మామయ్యకి తూరా నమస్కారాలు.

అరగంట నడిపాను. దీపం ఆరిపోయింది. పదకొండు వందలు మిగిలాయి. ఆ సలహా ఇచ్చిందెవరో చెప్పమని మెకానిక్ వెంటపడుతున్నాడు.

నాకు నీ కవరు వద్దు, నీ కాఫీ కావాలి. నిన్ను అబద్ధాలకోరు అనలేదు. అనుకున్నాననుకో, పొరపాటే. కానీ ఇంకా హ్యాండ్‌బ్రేక్ పట్టట్లేదు, తనిఖీకి పదమూడు రోజులే ఉంది. ఈ కారుని ఇన్నేళ్ళూ ఎవరు చూశారో ఆ మనిషి నాకు కావాలి. అంతే.

తూరా

ఆల్‌హోల్మ్ దీవి, ఏప్రిల్ 12

మా బంగారు తల్లి తూరాకి మామయ్య దీవెనలు.

అత్తయ్యతో పర్గాస్ వెళ్ళాను. ఉప్పు హెర్రింగ్ బకెట్టు పట్టుకుని నేరుగా వదినగారి తలుపు తట్టాను. ఎవరో కుర్రజంట తీసింది. వదిన స్వీడన్ వెళ్ళిపోయి తొమ్మిదేళ్ళయిందట. బకెట్టుతో అలాగే నిలబడ్డాను.

అత్తయ్య బకెట్టు తను అందుకుంది. నా చెయ్యి పట్టుకుని రెండు వీధులు నడిపించి ఒక మెకానిక్ షెడ్డులోకి తీసుకెళ్ళింది. అక్కడి ముగ్గురు మగాళ్ళూ లేచి నిలబడ్డారు. గోడకి మేకు, మేకుకి నూనె మరకల నీలం కోటు, దాని జేబు మీద "గున్‌వర్" అని కుట్టి ఉంది. పెళ్ళికి ముందు అది వాళ్ళ నాన్న షెడ్డట, తను పని నేర్చుకుంది అక్కడేనట. ఏటా రెండు వారాలు అక్కడ ఊరి కార్లకి పనిచేసి, ఆ కూలితో సామాన్లు కొని, మన కారు విప్పి బిగించేదట. బుష్‌లు, బ్రేకులు, అన్నీ. తన చేత్తో.

ఎందుకు చెప్పలేదని అడిగాను. నలభై ఏళ్ళలో మొదటిసారి అడిగాను.

"నువ్వు అడగలేదు. పైగా ఆ పుస్తకంలో ఏ ఇబ్బందీ లేదని రాసేటప్పుడు నీ మొహం చూడాలి ఎస్కిల్" అంది.

సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు సరికదా, ఆ ముగ్గురినీ కూర్చోబెట్టి ఈవిడ నా భార్య అని చెప్పాను. వాళ్ళకి తెలుసట. అయినా రెండోసారి చెప్పాను.

18న ఇద్దరం సాలో వస్తున్నాం. హ్యాండ్‌బ్రేక్ అత్తయ్య చూస్తుంది, నేను దీపం పట్టుకుంటాను. తనిఖీ సంగతి ఇక నువ్వు మర్చిపో. ఆ సర్వీసు పుస్తకం సిద్ధంగా పెట్టు. పదకొండు చోట్లా రాసింది కొట్టేసి, కింద గున్‌వర్ పేరు రాయాలి. మంచి కలం నేనే తెస్తాను.

నీ మామయ్య,
ఎస్కిల్

తా.క.: మన పడవ ఇంజను కూడా ముప్ఫై ఏళ్ళుగా ఒక్కసారీ మొరాయించలేదు. దాని గురించి నేనడగలేదు. అడగను కూడా.