ఆగస్ట్ ఒకటిన పుట్టని పిల్ల

జనవరి 21, బుధవారం

సాకర్ క్లబ్ నుంచి ఈమెయిల్. ఎక్సైటింగ్ చేంజెస్ అట. వీళ్లు ఎక్సైటింగ్ అన్నారంటే మనకేదో మూడిందనే లెక్క.

ఇన్నాళ్లూ టీమ్‌లు పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉండేవి. 2014లో పుట్టిన ఆడపిల్లలంతా ఒక టీమ్. వచ్చే సీజన్ నుంచి అలా కాదు. ఆగస్ట్ ఒకటి నుంచి మరుసటి ఏడు జూలై 31 దాకా పుట్టినవాళ్లు ఒక గుంపు. అంటే మా టీమ్ సగానికి విరిగింది. జూలై ఆఖరులోపు పుట్టినవాళ్లు తమకన్నా పెద్దపిల్లలతో కలిసి అండర్-13కి వెళ్లాలి. ఆగస్ట్ నుంచి పుట్టినవాళ్లు చిన్నపిల్లలతో కలిసి అండర్-12లో ఉంటారు, అక్కడ వీళ్లే పెద్దక్కలు.

మా అమ్మాయి వేద పుట్టింది జూలై 31న.

నా కాఫీ చల్లారకముందే జయంతి ఫోన్. వాళ్ల సంహితది ఆగస్ట్ తొమ్మిది. మూడేళ్లుగా వేద గోల్‌లో, సంహిత దాని ముందు డిఫెన్స్‌లో. అయ్యో వేద పాపం అండీ అంటూనే, మాకు మాత్రం భలే కలిసొచ్చింది, ఇక సంహితే టీమ్‌లో అందరికన్నా పొడుగు అంది. ఆనందం దాచుకోవడం ఆవిడకి చేతకాదు. నాకు కోపం దాచుకోవడం చేతకాదు. స్టవ్ మీద పాలున్నాయని చెప్పి పెట్టేశాను. పాలు లేవు.

జనవరి 22

వేదకి చెప్పాను. ఓకే అంది. ఆ పిల్ల ఓకే అని ఊరుకుందంటే లోపల కుతకుతలాడుతోందని అర్థం.

జనవరి 25, ఆదివారం

ఈ జూలై 31 ఊరికే వచ్చింది కాదు. మేం కోరి తెచ్చుకున్నాం.

బిడ్డ అడ్డం తిరిగింది, సిజేరియన్ తప్పదన్నారు. మా మామయ్యగారు లక్ష్మీపతి గారికి జ్యోతిష్యం ఉద్యోగం కాదు, అంతకన్నా ఎక్కువ. అప్పట్లో విజయవాడలో ఉండేవారు. వారం రోజులు పంచాంగం ముందేసుకుని కూర్చుని, ఆగస్ట్ ఒకటి ఉదయం ఎనిమిదీ ఇరవై, సింహలగ్నం, ఇంతకన్నా గొప్ప ముహూర్తం ఈ దశాబ్దంలో లేదని తేల్చారు. మా ఆయన రఘువీర్ దాన్ని అమెరికాలో మా టైమ్‌లోకి మార్చాడు. పన్నెండున్నర గంటలు వెనక్కి. ఇక్కడ జూలై 31 సాయంత్రం ఏడూ యాభై.

డాక్టర్ ఆగస్ట్ ఒకటి పొద్దున్న మొదటి స్లాట్ ఖాళీగా ఉంది, హాయిగా చేస్తానంది. కాదు, ముందురోజు సాయంత్రమే కావాలని ఆవిడ కాళ్లు పట్టుకోవడం ఒకటే తక్కువ. ఎందుకని అడిగితే రిలిజియస్ రీజన్స్ అన్నాడు రఘు. ఆవిడ పాపం పిల్లల డిన్నర్ మానుకుని వచ్చింది.

ఆ పొద్దుటి స్లాట్ తీసుకుని ఉంటే నా కూతురు ఇవాళ తన టీమ్‌లోనే ఉండేది. ఇంట్లో ఈ మాట ఎవరూ అనడం లేదు. అందరం అనుకుంటున్నాం.

జనవరి 31

అండర్-12లో మైదానం చిన్నది, గోల్ చిన్నది. అండర్-13లో రెండూ పెద్దవాళ్లవే. హైస్కూల్ గ్రౌండ్‌లో ఆ గోల్ ఉంటుందని వేదని తీసుకెళ్లాను. వాన. రెడ్‌మండ్‌లో జనవరి అంటే వేరే చెప్పక్కర్లేదు.

ఆ స్తంభాల మధ్య నిలబడి చేతులు చాపింది. అటూ ఇటూ ఎంత ఖాళీ ఉందో. ఎగిరింది. పైకడ్డీ అందలేదు. మళ్లీ ఎగిరింది. మళ్లీ. తడిసి ముద్దయిపోయింది, పోదాం రావే అంటే వినదే. చివరికి కార్లో కూర్చుని, అమ్మా, ఇట్స్ లైక్ గరాజ్ డోర్, అంది. మా గరాజ్‌లో రెండు కార్లు పడతాయి.

క్లబ్ పెద్దది, పెద్దపిల్లల టీమ్‌కి గోల్‌కీపర్ ఉంది. సెప్టెంబర్‌లో పుట్టింది, వేదకన్నా దాదాపు ఏడాది పెద్ద, తల ఎత్తి చూడాల్సినంత పొడుగు. వేదని ఎందుకు తీసుకుంటారు? తీసుకోకపోతే ఏం చేస్తాం? గ్లవ్స్ ఇంట్లోనే ఆరేసి రోజూ చూసుకునే పిల్ల ఇది. నాకు భయంగా ఉంది. రాసుకుంటే తగ్గుతుందన్నారు. తగ్గలేదు.

ఫిబ్రవరి 5

మా ఆయన గొప్ప పని చేశాడు. లీగ్ రిజిస్ట్రార్‌కి ఈమెయిల్ పెట్టాడు. మా అమ్మాయి పుట్టిన క్షణాన ఇండియాలో అప్పటికే ఆగస్ట్ ఒకటి, మా కుటుంబ సంప్రదాయం ప్రకారం అదే అసలు పుట్టినరోజు, దయచేసి పరిగణించగలరు అని. కింద టైమ్ జోన్ లింక్ కూడా ఇచ్చాడు.

రిజిస్ట్రార్ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది. మీ సంప్రదాయం గురించి తెలుసుకోవడం సంతోషం, మేం బర్త్ సర్టిఫికెట్ చూస్తాం అని. పైగా ఒక స్మైలీ.

సిగ్గుతో చచ్చాను. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి నవ్వుకున్నాను. ఇంతా చేసి ఈయన ఆఫీసులో చేసేది క్యాలెండర్ సాఫ్ట్‌వేర్.

ఫిబ్రవరి 8, ఆదివారం, ఉదయం 11

ఇక ఊరుకోలేక మామయ్యగారికే ఫోన్ చేశాను. ఇప్పుడాయన న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో మా బావగారింట్లో ఉంటున్నారు. రోజూ ఓక్ ట్రీ రోడ్ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి, షాపులవాళ్లందరికీ ఉచితంగా గ్రహస్థితి చెప్తారు.

మీరు పెట్టిన ముహూర్తం నా కూతురి కొంప ముంచింది మామయ్యగారూ అని మొదలెట్టాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో అలా మాట్లాడలేదు. ఇన్నాళ్లూ ఎందుకు మాట్లాడలేదా అనిపించింది.

ఆయన అంతా విన్నారు. తర్వాత, జూలై 31 ఏమిటమ్మా, నేనిచ్చింది ఆగస్ట్ ఒకటి కదా అన్నారు. అవునండీ, ఆగస్ట్ ఒకటి పొద్దున్న ఎనిమిదీ ఇరవై అంటే ఇక్కడ ముందురోజు సాయంత్రం అన్నాను.

తర్వాత మెల్లగా చెప్పారు. ఆయనిచ్చింది ఇక్కడి టైమేనట. పుట్టే ఊరు బట్టే లగ్నం కట్టాలట, ఈ మాత్రం తెలియకపోతే పంచాంగం పట్టుకోవడమెందుకట. మీ ఊరి అక్షాంశ రేఖాంశాలు నీ మొగుణ్ణి ఎందుకడిగాననుకున్నావు, గోడకి తగిలించుకోడానికా అని అరిచారు.

మరి పుట్టిన రోజునే తెలియలేదా అంటే, ఆ రోజు ఆయన మా కోసమే తిరుమలలో క్యూలో ఉన్నారు, లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. మర్నాడు రఘు ఫోన్ చేసి సరిగ్గా ముహూర్తానికే పుట్టింది నాన్నా అన్నాడు. అంతే. ఆయన సంతోషించి జాతకం రాసేశారు. ఏటా ఆగస్ట్ ఒకటినే ఫోన్ చేస్తారు. ఇండియా లెక్క కాబోలని మేం అనుకున్నాం. మేం మా వీలు కోసం ముందురోజే కేక్ కోసుకుంటున్నామని ఆయన అనుకున్నారు.

డాక్టర్ ఇస్తానన్న ఆ పొద్దుటి స్లాటే ముహూర్తం. చేతికిస్తుంటే వద్దని తోసేశాం. ఉద్యోగరీత్యా నేను టెస్టర్‌ని. లోకంలోని సాఫ్ట్‌వేర్ తప్పులన్నీ పట్టుకుంటాను, ఇంట్లో మొగుడి లెక్క మాత్రం ఒక్కసారి సరిచూడలేదు.

అదే రోజు, సాయంత్రం 5

రఘుకి చెప్పాను. కాగితం మీద మూడుసార్లు కూడి తీసేసి, మొహం పాలిపోయి సోఫాలో కూలబడ్డాడు. తిట్టాలనుకున్నాను కానీ, ఆ వాలకం చూసి టీ పెట్టిచ్చాను.

అంటే సింహలగ్నం కాదన్నమాట. ఎక్కడున్నా ముందు వరసలో నిలబడుతుంది, వైద్యవిద్య యోగం ఉంది అని మామయ్యగారు జాతకంలో రాసిన ఆ నాలుగు పేజీలు ఎవరివి? ఆగస్ట్ ఒకటి పొద్దున్న పుట్టాల్సిన పిల్లవి. ఆ పిల్ల పుట్టనే లేదు. మేం పెంచుతున్నది వేరే పిల్లని.

మామయ్యగారు అసలు టైమ్‌తో మళ్లీ జాతకం వేస్తానన్నారట. రఘు సరేనన్నాడట. నేను వద్దన్నాను. రఘు ఏదో అనబోయాడు. ఒకసారి మీ లెక్కల్తో దాని టీమ్ పోయింది, చాలదా అన్నాను. గట్టిగానే అన్నాను.

మెట్ల మీద వేద కూర్చుని ఉంది. అంతా విందట. అయితే నా టైమ్ ఎవరూ పిక్ చేయలేదా అని అడిగింది. పిక్ చేశారు, కానీ తప్పు చేశారు అని ఒప్పుకున్నాను. సో నేను... జస్ట్ వచ్చేశా, అంది. అవునే, వచ్చేశావు.

గుడ్, అంది. పైకి వెళ్లిపోయింది. కాసేపటికి గోడకేసి బంతి కొడుతున్న చప్పుడు. ఇంట్లో బంతి వద్దని ఎన్నిసార్లు చెప్పానో. ఇవాళ చెప్పలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

ట్రయౌట్స్, అంటే పెద్దపిల్లల టీమ్‌కి ఎంపిక. పొడుగుపిల్లల మధ్య వేద ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది. నేల మీద వచ్చినవి చాలా ఆపింది. పైనించి వచ్చినవి పైనించే వెళ్లాయి. ఒకసారి గోల్ వదిలి ముందుకు ఉరికి, కొట్టబోతున్న పిల్ల కాళ్ల మీదే పడి బంతి లాక్కుంది. నేను అరిచాను. పక్క టెంట్‌లో వాళ్లు నావైపు చూశారు. చూడనీ.

ఫిబ్రవరి 24

కోచ్ మెగన్ పిలిచి మాట్లాడింది. మంచిదే, అబద్ధం చెప్పలేదు. వేదకి ధైర్యం ఉంది, ఎత్తు లేదు, ఎత్తు వచ్చేదాకా మ్యాచ్‌ల్లో గోల్ ఇవ్వలేనంది. ప్రాక్టీస్‌కి రెండో కీపర్‌గా రావచ్చు. లేదా గోల్ మానేసి మిడ్‌ఫీల్డ్ ఆడొచ్చు.

ఇది చాలా మంచి ఆఫర్ అన్నాడు రఘు. క్లబ్ పేరు ఉంటుంది, కాలేజ్ అప్లికేషన్‌కి పనికొస్తుంది, ఒక ఏడాది బెంచ్ మీద కూర్చుంటే ఏం పోయింది అని. జాతకం పోయినప్పట్నుంచీ ఈయనకి ధైర్యం పోయింది.

ఆలోచించుకోవడానికి రేపటిదాకా టైమ్ ఇచ్చారు.

ఫిబ్రవరి 25

అక్కర్లేదని చెప్పి రమ్మంది వేద. వెళ్లి చెప్పొచ్చాను.

మార్చి 7

కార్నేషన్ అనే ఊరి వైపు, పొలాల మధ్య ఒక చిన్న క్లబ్ ఉంది. పోయిన సీజన్‌లో అందరికన్నా అట్టడుగున నిలిచింది. వాళ్ల అండర్-13కి కీపరే లేదు. ఎవరో ఒకరు వంతులేసుకుని నిలబడతారట. రఘు ఆ పాయింట్ల పట్టిక ఫోన్లో చూపించి, ఇలాంటి టీమ్‌కా అన్నాడు. ఇలాంటి టీమ్‌కే అన్నాను.

అక్కడి కోచ్ దాన్ని ఎగరమనలేదు. గోల్‌లో ఉండాలని ఉందా అని మాత్రం అడిగాడు. ఉంది అంది. జెర్సీ ఇచ్చాడు. మోకాళ్ల దాకా వచ్చింది.

వచ్చేటప్పుడు దారిలో నేనే ఏడ్చాను. వేద రేడియో సౌండ్ పెంచింది.

మార్చి 14

సంహిత వాళ్లింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం చేతిలో పెడుతూ జయంతి నలుగురిలో అంది, పాపం వేదని ఆ ఊరి చివర టీమ్‌లో పడేశారట కదా, ఒక్క రోజు తేడాతో ఎంత అన్యాయం అని. పడెయ్యలేదు జయంతి గారూ, అదే నడిచి వెళ్లింది అన్నాను. అక్కడ బాగా ఓడిపోతారటగా అంది. ఓడిపోతారు, కానీ వేద గోల్‌లో నిలబడే ఓడిపోతుంది, బెంచ్ మీద కూర్చుని కాదు అన్నాను. గొంతు కాస్త లేచింది. పంతులుగారు సంచి సర్దుకోవడం ఆపి చూశారు.

సంహిత, వేద మాత్రం వెనక యార్డ్‌లో పట్టు లంగాలు ఎగ్గట్టి బంతాడుతున్నారు. ఎవరు పెద్ద గుంపో ఎవరు చిన్న గుంపో ఆ ఇద్దరికీ పట్టలేదు.

జూలై 31, శుక్రవారం

పన్నెండు నిండాయి. ఏడూ యాభైకి కేక్ కోసింది. నలుగురు కొత్త టీమ్ పిల్లలొచ్చారు, పులిహోర లాగించేశారు.

మామయ్యగారు ఇవాళే ఫోన్ చేశారు. ఇన్నేళ్లలో మొదటిసారి జూలై 31న. వేదతో చాలాసేపు మాట్లాడారు, ఆ గోల్ ఎంత వెడల్పని అడిగారట. తాతా, గరాజ్ డోర్ అని చెప్పిందట. తర్వాత ఫోన్ నాకిమ్మని, రేపు మొదటి మ్యాచ్ అంటగా, ఎన్నింటికమ్మా అని అడిగారు.

చెప్పలేదు. ఆయనే నవ్వేశారు.

ఆగస్ట్ 1, శనివారం

ఇవాళ ఎవరి పుట్టినరోజూ కాదు.

వేద తొమ్మిది గోల్స్ తింది. కార్నేషన్ నుంచి ఇంటిదాకా పదోదాని గురించే చెప్పింది, ఎలా ఆపిందో.