పద్మాక్షి పంపిన పది పేజీలు

తిరుపతి,
22-8-1978

చిరంజీవి పద్మాక్షికి,

నాయన దీవెనలు. ఇక్కడ నేనూ, మీ అమ్మా కులాసా. పూనా వానలకు పట్టిన నీ దగ్గు తగ్గిందా?

అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. తైలం రాస్తున్నాం, కాస్త నయం. గైస్టస్‌విస్సెన్‌షాఫ్టెన్ అన్న జర్మన్ మాటను, మద్రాసుకు పంపిన అనువాదంలో, నేను ఇంగ్లీషులో ఏమని పెట్టానో కూడా అడిగావు. సంస్కృత సమాసాన్ని విడగొట్టినట్టే విడగొట్టి, ముక్కకు ముక్క అతికించి 'సైన్సెస్ ఆఫ్ ది స్పిరిట్' అన్నాను. ముప్పై ఏళ్లు కాలేజీలో సంస్కృతం చెప్పినవాడికి వేరే దారి తోచదు. నువ్వేమో హాయిగా 'హ్యూమానిటీస్' అనేశావు. చదవగానే ఒళ్లు మండింది. నీకు జర్మన్ అక్షరాలు దిద్దించింది నేనే కదా. ఏకు మేకయింది అనుకున్నాను.

మద్రాసు పబ్లిషరు దగ్గర్నుంచి జాబు వచ్చిందా అని మూడుసార్లు రాశావు. రాలేదని మూడుసార్లూ అబద్ధమే రాశాను. నువ్వు ఇచ్చిన మన ఇంటి అడ్రసుకే అది జూలైలో వచ్చింది. మన ఇంట్లో ఎవరి ఉత్తరమైనా చింపేది నేనేనాయె. మచ్చుకు మనిద్దరం చెరో పది పేజీలు పంపితే, ఆ జర్మన్ ప్రొఫెసరు పుస్తకం మొత్తం అనువాదానికి నీకే ఇచ్చారు. ఆగస్టు ఇరవైలోగా ఒప్పుకోకపోతే ఇంకొకరికి ఇస్తామన్నారు. జాబు మడిచి నా డిక్షనరీలో దాచాను. గడువు దాటితే ఆ పుస్తకం నాకు రాకపోతుందా అన్న ఆశ కూడా ఉండింది. అది కుళ్ళే తల్లీ, దానికి ఇంకో పేరు లేదు.

మొన్న పుస్తకాల దుమ్ము దులుపుతూ మీ అమ్మ చూసేసింది.

"కూతురు పైకొస్తే కుళ్ళుకునే నాయనను ఈడనే చూస్తి! పోయి ఆ పని సరిచేసి రాండి. అందాక మీతో నాకు మాటల్లేవు" అంది.

నిన్న రేణిగుంటలో రైలెక్కి మద్రాసు పోయాను. అదృష్టం, పుస్తకం ఇంకా ఎవరికీ ఇవ్వలేదు. జాబు దాచింది నేనేనని పబ్లిషరుతో చెప్పేశాను. ఆయన నెలాఖరు దాకా ఆగుతానన్నారు. జాబు దీంతో పెట్టాను. చూసిన వెంటనే ఒప్పుకున్నట్టు ఆయనకు టెలిగ్రాం కొట్టు.

లేచి వస్తుంటే, "మీకూ జర్మన్ వచ్చా?" అని అడిగారు. వెనక్కి పంపాల్సిన కాగితాల కట్టలో నా పది పేజీలు పైనే కనిపిస్తున్నాయి.

"లేదండీ. నేను పద్మాక్షి నాయనను, అంతే" అన్నాను.

అలా అన్నందుకు గొప్పవాణ్ణయ్యానని అనుకోకు. ఇది రాస్తుంటే కూడా కుళ్ళుగానే ఉంది.

ఇట్లు,
పద్మాక్షి నాయన