తోక ముక్క

ఆగస్టు 18, సోమవారం. సాయంత్రం 5

ఇవాళ మా గుణశేఖర్‌కి ఉత్తరం వచ్చింది.

కాగితం ఉత్తరం కాదు, మెయిల్. ఫిన్లాండ్ దేశం నుంచి. రాసినాయన పేరు ఇల్మారి. కోడలు జ్యోతిర్మయి లాప్‌టాప్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చి, మామయ్యా అని, దాన్ని నా ఒళ్ళో పెట్టేసింది. నేనే కళ్ళజోడు పెట్టుకుని చూశాను. నాది ఎనిమిదో తరగతి ఇంగ్లీషు. అయినా మొదటి లైను చదవగలిగాను. హాయ్ గుణశేఖర్ అని ఉంది.

మా వాడు పోయి ఇవాళ్టికి యాభై అయిదు రోజులు. డెంగీ జ్వరం. తొమ్మిది రోజులు ఉన్నాడు. ముప్ఫై మూడేళ్ళవాడు. ఆ సంగతి ఫిన్లాండ్ ఆయనకి ఎలా తెలుస్తుంది.

జూన్ మొదటి వారంలో వీడు లైనక్స్ వాళ్ళకి ఒక ప్యాచ్ పంపాడట. లైనక్స్ అంటే ప్రపంచంలో బోలెడన్ని కంప్యూటర్లని నడిపించేది. దానికి ఎవరైనా మరమ్మతు రాసి పంపవచ్చు. కాని పెద్దవాళ్ళు చదివి, తప్పులు పట్టి, సరే అంటేనే లోపలికి వెళ్తుంది. వెళ్తే రాసినవాడి పేరు అందులో ఉండిపోతుంది. ఎప్పటికీ. ఇది ఆఫీసు పని కాదు. పాత నెట్‌వర్క్ కార్డు ఒకటి ఎక్కడో కొని, దాని కోసం ఇష్టపడి చేసుకున్న పని. ఆలస్యమైంది, క్షమించు, సెలవుల్లో ఉన్నాను అని రాశాడు ఇల్మారి గారు. తరవాత మూడు తప్పులు పట్టాడు.

మూడు. నాకు ఎంత సంతోషమో చెప్పలేను. శ్రద్ధగా చదవనివాడు మూడు తప్పులు పట్టగలడా. ఒక్కో తప్పుకీ ఒక్కో పేరా. ఇక్కడ ఇలా చేస్తే బాగుంటుందేమో, నువ్వేమంటావు, అని. నువ్వేమంటావు అని మా వాణ్ణి అడిగాడు.

చెప్పేద్దామా మామయ్యా, గుణ లేడని రాసేద్దామా, అంది జ్యోతి. ఆ అమ్మాయిదీ కంప్యూటర్ల ఉద్యోగమే, ఈ కోడు తనకీ తెలుసు. ఈ ఒక్కసారికి ఉండనియ్యమ్మా, నువ్వే దిద్ది పంపు, అన్నాను.

ఆగస్టు 19

మాడుగుల హల్వా అరకిలో తెచ్చాను. నా భార్య తాయారు కోప్పడింది. ఏడాది తిరగనేదు, హల్వా పంచుతన్నారేటండి, లోకం ఏటనుకుంటాది, అంది. అనుకోనీ. శ్రీరామ్మూర్తి బావ ఇంటికి తీసుకెళ్ళాను. స్టీల్‌ప్లాంట్‌లో ముప్ఫై ఏళ్ళు నాతో ఒకే షిఫ్టులో పనిచేసిన మనిషి. ఏటి బావా, తప్పులట్టినారని మిఠాయి పంచుతన్నావు, మనకి తప్పడితే మెమో ఇచ్చేవోరు కదేటి, అన్నాడు. ఇద్దరం నవ్వాం. నవ్వాక బావ హల్వా ముక్క చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. తినలేదు.

ఆగస్టు 21, గురువారం

ఆ కోడు ఏమిటో జ్యోతి నాకు చెప్పింది. కంప్యూటర్ ఒక పెద్ద సమాచారం కట్ట పంపాలి. తీగ మీద పెద్ద కట్ట పట్టదు, చిన్న ముక్కలే వెళ్ళాలి. కంప్యూటరే కోసుకుంటే దానికి ఊపిరాడదు. అందుకని కట్టని అలాగే కార్డుకి ఇచ్చేసి, ఇంత కొలతకి కొయ్యి అంటుంది. కార్డు కోసి, ప్రతి ముక్క మీదా చిరునామా వేసి పంపుతుంది. సెగ్మెంటేషన్ ఆఫ్‌లోడ్ అంటారట. కార్డుకి ఆ కొలతలు అందించే కోడు మా వాడు దిద్దినది.

అర్థమైందా మామయ్యా అంది. అర్థం కాకపోవడమేమిటి. పొలం తీసుకుని ప్లాంటు వాళ్ళు నాకు ఇచ్చిన ఉద్యోగం అదే కదా. కాస్టింగ్ మిషను నుంచి ఎర్రటి ఉక్కు దిమ్మె, బ్లూమ్ అంటాం, తెంపు లేకుండా వస్తూ ఉంటుంది. కొలత చూసి గ్యాస్ టార్చితో ముక్కలు కోయించేవాణ్ణి. ప్రతి ముక్క మీదా నంబరు వేసేవాళ్ళం. తండ్రీకొడుకులం ఒకే పని చేశామన్నమాట. ఇన్నాళ్ళూ నాకు తెలియలేదు.

జ్యోతి మూడు తప్పులూ దిద్ది వాడి మెయిల్ నుంచే పంపింది. చివర థ్యాంక్స్ అని కొట్టి, కింద వాడి పేరు కొట్టడానికి చాలాసేపు పట్టింది.

ఆగస్టు 25, సోమవారం

ఇవాళ మిషను కూడా రాసింది.

రోబో అట. ఎవరు ఏ ప్యాచ్ పంపినా అది పరీక్ష పెట్టి చూస్తుందట. హాయ్ గుణశేఖర్, ఒక వార్నింగ్ కనబడింది, అని రాసింది. అది మనిషి కాదు మామయ్యా, అందరికీ అలాగే రాస్తుంది, అంది జ్యోతి. ఏమైతేనేం. వాడు ఉన్నాడనుకునే కదా రాసింది. ఎంత మర్యాద గల మిషను. నేను లాప్‌టాప్‌కి దణ్ణం పెట్టబోయి ఆగాను, తాయారు చూస్తోందని.

ఆగస్టు 29

ఉత్తరం లేదు.

సెప్టెంబరు 2, మంగళవారం

వచ్చింది. ఆ వార్నింగ్ కూడా దిద్ది జ్యోతి పంపిన మూడో వెర్షన్ బాగుందట. ఒకే ఒక్క సందేహం అట.

కోసినప్పుడు చివరికి మిగిలే ముక్క ఇరవై నాలుగు బైట్ల కంటే చిన్నదైతే, ఆ కట్టని కార్డుకి ఇవ్వద్దు, కంప్యూటరే కోసుకోవాలి, అని మా వాడు ఒక లైను రాశాడు. ఇరవై నాలుగే ఎందుకు, కార్డు కంపెనీ వాళ్ళ పుస్తకంలో ఈ అంకె ఎక్కడా లేదే, అని ఇల్మారి గారు అడిగాడు.

జ్యోతి లాప్‌టాప్ అంతా వెతికింది. వాడి పాత నోటుబుక్కులు వెతికింది. మళ్ళీ పరీక్ష చేద్దామంటే కార్డు లేదు. జులైలో పిడుగు పడ్డప్పుడు కాలిపోయింది. అలాంటిది ఇప్పుడు దొరకదట. నాకూ తెలీదు మామయ్యా, గుణకే తెలియాలి, అంది.

నాకు తెలుసు.

ఈ డైరీలోనే ఉంది. వెనక్కి తిప్పితే జూన్ 3.

జూన్ ఒకటిన, ఆదివారం, మేడ మీద నా పక్కన కూర్చుని అన్నాడు. కార్డు ఉన్నట్టుండి బిగిసిపోతంది నాన్నా, ఎందుకో తెలీటం నేదు, అని. నాకు తెలిసింది ఒక్కటే, అదే చెప్పాను. తోక ముక్క చూడరా అన్నాను. బ్లూమ్ చివర మిగిలిన ముక్క మరీ పొట్టిదైతే రెండు రోలర్ల మధ్య సందులో పడిపోతుంది. లైను మొత్తం ఆగిపోతుంది. ఒకసారి నా చేతి మీదుగా అలాగే జరిగింది. ఒక షిఫ్టు పని పోయింది. రిటైరయ్యేదాకా నన్ను తోక సూరి అన్నారు. అప్పలసూరి అంటే ఎవరికీ తెలిసేది కాదు.

వాడు పడీ పడీ నవ్వాడు. రెండు రోజులు పోయాక నా డైరీ లాక్కుని, ఆ రోజు పేజీలోనే రాసుకుంటూ పరీక్ష చేశాడు. 40 ఓకే. 32 ఓకే. 24 ఓకే. 23 హ్యాంగ్. 23 హ్యాంగ్. 23 హ్యాంగ్. 24 ఓకే, వెయ్యి సార్లు. దాని కింద తెలుగులో, నాన్న చెప్పిన తోక ముక్కే.

ఈ పేజీ చూపిస్తే చాలు. జవాబు వెళ్ళిపోతుంది. ప్యాచ్ లోపలికి వెళ్ళిపోతుంది. ఆ తరవాత ఇల్మారి గారికి మా వాడితో ఏం పని ఉంటుంది.

రేపు చూపిస్తాను.

సెప్టెంబరు 3

చూపించలేదు.

సెప్టెంబరు 8, సోమవారం

మళ్ళీ రాశాడు. హాయ్ గుణశేఖర్, నా ప్రశ్న చూశావా, అని. ఎంత ఓపిక. ఎక్కడో చలిదేశంలో కూర్చుని మా వాడి జవాబు కోసం చూస్తున్నాడు. 

ఇప్పుడు తాయారు కూడా సాయంత్రం అయ్యేసరికి వచ్చి కూర్చుంటోంది. మొదటి లైను సదవమ్మా, సాలు, అంటుంది జ్యోతితో. ఇవాళ రెండుసార్లు చదివించుకుంది. తరవాత నాతో అంది, ఎవుడో పరాయి దేశపోడు మనోడి పేరెత్తుతన్నాడు, మనవే ఎత్తటం మానేసినాం, అని.

నిజమే. వాడు, మా వాడు అనడమే తప్ప ఇంట్లో ఆ పేరు ఎవరం పలకడం లేదు.

డైరీ దిండు కింద పెట్టుకుంటున్నాను.

సెప్టెంబరు 15, సోమవారం

నెలాఖరుకి లైనక్స్ వాళ్ళు తలుపులు మూసేస్తారట. రెండు మూడు వారాలు కొత్తవి తీసుకోరు. ఇరవై నాలుగుకి కారణం తెలిస్తే చెప్పు, లేకపోతే ఆ లైను తీసేసి పంపు, అని రాశాడు ఇల్మారి గారు. కోపంగా కాదు. 

తీసేస్తాను మామయ్యా, అంది జ్యోతి. లైను పోతే పోయింది, పేరైనా ఉంటాది, అంది.

నేను సరే అనబోయాను. లేచి దిండు కింద డైరీ ఉందో లేదో చూసి వచ్చాను.

సెప్టెంబరు 17

ఆ లైను లేకుండా వెళ్తే ఏమవుతుందో ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఎవరో ఎక్కడో ఆ కార్డు పెట్టుకుంటారు. ఒకరోజు తోక ముక్క సందులో పడుతుంది. అంతా ఆగిపోతుంది. ఎవడు రాశాడురా ఇది అని చూస్తారు. పేరు కనబడుతుంది.

తోక సూరి అన్న పేరు నాతో పోవాలి.

సెప్టెంబరు 20, శనివారం

దువ్వాడ స్టేషన్ వంతెన మీదికి నడిచి వెళ్ళాను. అక్కడి నుంచి సింహాచలం కొండ కనబడుతుంది. ఏడాది వరకూ మేం కొండ ఎక్కకూడదు. కిందనుంచే అప్పన్నకి చెప్పుకున్నాను. స్వామీ, నేను దొంగతనం చేస్తున్నాను, నా కొడుకు వస్తువే దొంగిలిస్తున్నాను, అని. రెండు గూడ్సులు వెళ్ళేదాకా నిలబడ్డాను. ఒకదాని మీద మా ప్లాంటు సరుకే. ముక్కలన్నీ ఒకే కొలత.

సెప్టెంబరు 22, సోమవారం

జూన్ 3 పేజీ కోశాను. చింపలేదు. స్కేలు పెట్టి, బ్లేడుతో. అంచు తిన్నగా వచ్చింది. చెయ్యి ఇంకా పోలేదు.

జ్యోతికి ఇచ్చాను. అక్షరాలు చూడగానే కుర్చీలో కూర్చుంది. 23 హ్యాంగ్ అన్నచోట వేలు పెట్టి, అక్కడి నుంచి కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. నాన్న అన్న మాట దగ్గర ఆగింది. ఇది ఎప్పట్నుంచి ఉంది మామయ్యా, అంది. ఆ రోజు నుంచీ ఉందమ్మా, నేనే దాచాను, అన్నాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

పేజీని ఒళ్ళో పెట్టుకుని అంది. ఆ మూడు తప్పులూ గంటలో దిద్దేసినాను మామయ్యా, మూడు రోజులు పట్టిందని మీకు అబద్ధం సెప్పినాను, అని. బాగా చదువుకున్న పిల్ల, ఇంట్లో ఎప్పుడూ పుస్తకంలో మాటల్లా మాట్లాడుతుంది. ఏడుపు వచ్చినప్పుడు మాత్రం మా అందరిలాగే మాట్లాడుతుంది.

ఇంక గుణ పేరుతో నేను రాయలేను అంది. రాయకు తల్లీ, నిజం రాసెయ్, అన్నాను.

పేజీ ఫోటో తీసి, అంతా రాసి, కొత్త వెర్షన్ పంపింది. రాసినవాడి పేరు గుణశేఖర్‌దే. దాని కింద పంపినదాని పేరు, తనది. సలహా ఇచ్చినవాళ్ళ పేరు వేసే లైను కూడా ఒకటి ఉంటుందట. మీ పేరు వేస్తాను మామయ్యా అంది. వద్దన్నాను. ఇరవై రోజులు దాచినవాడి పేరు వాడి పక్కన ఎందుకు.

సెప్టెంబరు 24, బుధవారం

జవాబు వచ్చింది. తాయారు ఎప్పటిలాగే వచ్చి కూర్చుని, మొదటి లైను సదవమ్మా, అంది.

డియర్ జ్యోతిర్మయి, అని చదివింది.

తాయారు లేచి లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది. దాని మీద ఏమీ పెట్టలేదు.

మిగతాది నేను విన్నాను. చాలా మంచి ఉత్తరం. మీ భర్త అంకెలు చూశాను, ఇంత ఓపికగా పరీక్ష చేసినవాళ్ళు తక్కువ, అతనితో ఇంకా చాలా మాట్లాడవలసింది, అని రాశాడు. నేను చదివాను, ఒప్పుకున్నాను, అని కింద తన పేరు పెట్టాడు.

సెప్టెంబరు 26, శుక్రవారం. మధ్యాహ్నం 3

వెళ్ళిపోయింది. తలుపులు మూసేలోగా లోపలికి వెళ్ళిపోయింది. మా గుణశేఖర్ పేరు వెళ్ళింది, ఆ ఇరవై నాలుగు వెళ్ళింది. ప్రపంచంలో ఎవరు లైనక్స్ తెచ్చుకున్నా అందులో నా కొడుకు రాసిన ముక్క ఉంటుందట. ఇంత సంతోషం నా పెళ్ళప్పుడు లేదు, ఉద్యోగం వచ్చినప్పుడు లేదు, వాడు పుట్టినప్పుడు తప్ప ఎప్పుడూ లేదు. హల్వా కిలో తెచ్చాను. ఈసారి శ్రీరామ్మూర్తి బావ తిన్నాడు. మనోడు గట్టోడు బావా, తోక జాగర్తగా సూసుకున్నాడు, అన్నాడు. తింటూనే ఏడ్చాడు.

ప్యాచ్ తీసుకున్నామని చెప్పే ఉత్తరం కూడా మిషనే రాసింది. ఇది వేరే మిషను. పేరుతో పిలవలేదు. హలో అని మాత్రం ఉంది.

సెప్టెంబరు 29

ఉత్తరం లేదు. రాదు కదా. అయినా ముగ్గురం అయిదింటికి హాల్లో కూర్చున్నాం.

అక్టోబరు 3, శుక్రవారం. జూన్ 5 పేజీ ఖాళీగా ఉంది, కోసిన అంచు పక్కన. అందులో రాస్తున్నాను.

హాయ్ గుణశేఖర్,

ఆలస్యమైంది, క్షమించు. నీ ప్యాచ్ మళ్ళీ చదివాను. అంతా బాగుంది. తోక ముక్క దగ్గర మాత్రం ఒక చిన్న సందేహం.

ఇరవై నాలుగే ఎందుకు?

తొందరేం లేదు.