ఒక్క తప్పూ లేని చీటీ

ట్రాండ్‌హైమ్,
మార్చి 11, 2018.

ప్రియమైన నాతేలాకు,

గున్‌వోర్ రాస్తున్నది. మా ఊళ్ళో ఉత్తరం మొదలుపెట్టే పద్ధతి నీకు నేనే నేర్పాను. ముందు ‘కిందటిసారి కలిసినందుకు కృతజ్ఞతలు’ అనాలి, ఆ తర్వాత వాతావరణం గురించి రెండు ముక్కలు రాయాలి, అప్పుడు గానీ అసలు విషయానికి రాకూడదు. కిందటిసారి మనం కలిసింది నా కారులో, విమానాశ్రయం ముందు. దానికి కృతజ్ఞతలు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. అందుకని నేరుగా వాతావరణానికి వస్తున్నాను.

మంచు కరుగుతోంది. పగలు కరిగి రాత్రికి మళ్ళీ గడ్డకట్టి, మన వీధి మలుపు అద్దంలా తయారైంది. నిన్న పక్కింటి స్వెర్రె అక్కడ మళ్ళీ జారిపడ్డాడు. ఈ చలికాలంలో మూడోసారి. బూట్లకి మేకుల పట్టీలు తగిలించుకోవయ్యా అంటే అవి ముసలివాళ్ళకి అంటాడు. ఆయనకి డెబ్భై నాలుగు. లేచి ప్యాంటు దులుపుకుంటూ మొదట అడిగింది నీ గురించే. పిల్ల దగ్గర్నుంచి కబురేమైనా ఉందా అన్నాడు. లేదన్నాను. ముప్పై ఏళ్ళు పేపరాఫీసులో కూర్చుని ఊరందరి తప్పులూ దిద్దావు, నీ తప్పు నువ్వు ఒక ఉత్తరంలో రాయలేవా అన్నాడు. ఒళ్ళు మండి తలుపేసుకున్నాను. ఇదిగో, రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను, ఎడమ మోకాలు తప్ప. నువ్వెలా ఉన్నావని, మీ అమ్మగారు వేళకి తింటున్నారా అని అడగాలని ఉంది. అడిగే మొహం లేదు. ఆరు వారాల్లో నాలుగు మెసేజ్‌లు పెట్టాను. నువ్వు దేనికీ జవాబివ్వలేదు. ఇవ్వనక్కర్లేదు, ఇది చదివితే చాలు.

కింది అంతస్తులో నీ గది అలాగే ఉంది. పరుపు మీద దుప్పటి మార్చాను, కిటికీ తెరిచి మూస్తున్నాను. యూనివర్సిటీ నుంచి నీకు ఒక కవరు వచ్చింది. తప్పే అయినా విప్పి చదివాను. నీ థీసిస్ ఇవ్వడానికి సెప్టెంబరు దాకా గడువు పొడిగించారు. ఒక్క టర్ము, నాతేలా. రెండేళ్ళు పొద్దున్నే ఆ దిక్కుమాలిన బ్రౌన్ చీజ్ పెట్టుకున్న రొట్టెముక్కలు కాగితంలో చుట్టుకుని, చీకట్లో బస్సెక్కి వెళ్ళి చదివిన చదువు ఒక్క టర్ము కోసం వదిలేస్తావా? ఇది ముందు చెప్పకూడదు, క్షమాపణ ముందు అడగాలి అని నాకు తెలుసు. కానీ నేను ఈ ఉత్తరం రాసేది రెండింటి కోసమూను. నన్ను క్షమించు. తిరిగి రా.

నువ్వు మా ఇంటికి అద్దెకి వచ్చిన రోజు ఆగస్టు వాన. నీకంటే పెద్ద పెట్టె లాక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడ్డావు. నన్ను గున్‌వోర్ అని పిలువు, మేము ప్రధానమంత్రినైనా పేరు పెట్టే పిలుస్తాం అన్నాను. నీకది మింగుడు పడలేదు. అమ్మ వయసు ఆవిణ్ణి ఒట్టి పేరుతో పిలిస్తే మా ఊరు కుతాయిసి నుంచి మా నాన్న నడిచొచ్చి మరీ నా చెవి మెలేస్తాడు అన్నావు. మర్నాటి నుంచి గున్‌వోర్ దేయిదా అని మొదలుపెట్టావు. దేయిదా అంటే పిన్ని అని చెప్పావు. నాకు అక్కచెల్లెళ్ళు లేరు, పిల్లలు లేరు. మా ఆయన ఒడ్వార్ పోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. అరవై ఆరేళ్ళ వయసులో ఉన్నట్టుండి ఒకరికి పిన్నినయ్యాను.

ఆ పెట్టెలోంచి నువ్వు మొదట తీసింది మీ నాన్నగారు చేసిన ఆ అక్రోటు దండలు. దారానికి గుచ్చిన అక్రోటుకాయలు ద్రాక్షరసంలో ముంచి ఆరబెడతారని నాకేం తెలుసు? అవి మీ దేశపు కొవ్వొత్తులనుకున్నాను. ఆదివారం ఒకదాన్ని స్టాండులో నిలబెట్టి అగ్గిపుల్ల గీశాను. నువ్వు పరుగున వచ్చి ఊది ఆర్పి, నేల మీద కూలబడి నవ్వావు. ఫోనులో మీ నాన్నగారికి చెబితే ఆయన నవ్వు వంటింట్లో నాకు వినిపించింది. ఈసారి వత్తి పెట్టి పంపిస్తాను, ఆవిణ్ణి నిరాశపడొద్దని చెప్పు అన్నారట. ఆయన గొంతు నేను విన్నది ఆ ఒక్కసారే. ఇప్పుడు పదే పదే గుర్తొస్తోంది.

నువ్వు ఫ్రిజ్ మీద అంటించే చీటీలన్నీ ఆకుపచ్చ పెన్సిలుతో దిద్దేదాన్ని. ‘పాలు అయిపోయాడు’ అని రాసేదానివి. పాలు మగాడు కాదే పిల్లా అని కింద రాసేదాన్ని. మర్నాడు ‘క్షమించండి, పాలు గారు అయిపోయారు’ అని కొత్త చీటీ ఉండేది. మావాళ్ళ కృతజ్ఞతలు మాత్రం నిన్ను మూడు చెరువుల నీళ్ళు తాగించాయి. భోజనం పెడితే ఒకటి, కలిసి నడిస్తే ఒకటి, బండెక్కించుకుంటే ఒకటి, కిందటిసారికి ఒకటి. మొదటి నెలలో ఒకసారి నువ్వు స్నానం చేసి పైకొచ్చి ‘భోజనానికి కృతజ్ఞతలు’ అన్నావు. ఏది ఎప్పుడు అనాలో ఒక్కొక్కటీ నేర్పాను. ఒక్కటి తప్ప.

మొన్నటి క్రిస్మస్ ముందు రోజు మధ్యాహ్నం ఒడ్వార్ సమాధి దగ్గర దీపం పెట్టడానికి వెళ్ళాం. నువ్వు చేతులతో రాయి మీది మంచు తుడిచావు. పేరు కింద ఉన్న మాటలు చదివి వీటికి అర్థమేమిటి దేయిదా అని అడిగావు. ‘అన్నిటికీ కృతజ్ఞతలు’ అని చెప్పాను. ఎంత బాగుంది అన్నావు. మామూలు రోజైతే ఆ మాట మీద పావుగంట పాఠం చెప్పేదాన్ని. ఆ రోజు ముక్కు కారుతోంది, కాళ్ళు కొయ్యబారాయి. పద పద, ఇంటికెళ్ళి గంజి తాగుదాం అన్నాను. అది మేము పోయినవాళ్ళకి తప్ప ఎవరికీ చెప్పం అని, బతికున్న మనిషితో అంటే అది చివరి వీడ్కోలేనని, విన్న మనిషి గుండె ఆగిపోతుందని చెప్పలేదు.

జనవరిలో నువ్వు మాట్లాడటం తగ్గించావు. శుక్రవారం భోజనానికి పైకి రావడం మానేశావు. వాఫిల్స్ వేసి, మూత పెట్టి, నీ మెట్ల మీద ఉంచేదాన్ని. పొద్దున చూస్తే అలాగే ఉండేవి. మీ నాన్నగారి జబ్బు గురించి నీకు అప్పటికే తెలుసని ఇప్పుడు అర్థమవుతోంది. ఏమైందని ఒక్కమాట అడగాల్సింది. మా దగ్గర అడగకపోవడమే మర్యాద. రెండుసార్లు నీ తలుపు దాకా దిగి, నా మర్యాద నేను పట్టుకుని వెనక్కి ఎక్కొచ్చాను.

నువ్వు వెళ్ళిన ఆ పొద్దున ఆరున్నరకి కాఫీ పెట్టడానికి లేచాను. బల్ల మీద చీటీ. ‘ప్రియమైన గున్‌వోర్ దేయిదా, అన్నిటికీ కృతజ్ఞతలు. నాతేలా.’ ఒక్క తప్పు లేదు. పేపర్లో ఉన్నన్నాళ్ళూ మరణ ప్రకటనలు చూసింది నేనే. రోజూ పది చోట్ల ఆ మాటలే చదివి, అచ్చుకి పంపేదాన్ని. నా కంటికి వాటిని వేరేగా చదవడం రాదు. కిందికి పరుగెత్తాను. పక్క సర్ది ఉంది. ఫోను చేస్తే నీది మోగలేదు. గుమ్మం ముందు కొత్త మంచులో నీ అడుగులు వీధి దిగువకి వెళ్ళాయి. అటు వెళ్తే బస్‌స్టాపూ వస్తుంది, నది మీది వంతెనా వస్తుంది.

పోలీసులకి చేశాను. చీటీలో ఏం రాసి ఉందని అడిగాడు అవతలి కుర్రాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. వాడూ మావాడే కదా. కంగారుపడకండి, నది దగ్గరికి మనుషుల్ని పంపిస్తున్నాం అన్నాడు. వెళ్ళి స్వెర్రె తలుపు బాదాను. ఆయన ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వంతెన దాకా పరుగెత్తాడు.

తర్వాతిది నీకే బాగా తెలుసు. విమానం ఎక్కే తలుపు దగ్గర ఇద్దరు పోలీసులు నిన్ను ఆపారు. నాన్నకి సీరియస్‌గా ఉంది, వెళ్ళాలి అని మూడు భాషల్లో చెప్పావట. ఆ పొద్దున నాకు పంపిన మెసేజ్ కూడా చూపించావట. అందులో ‘గది ఎవరికైనా ఇచ్చేయండి, నేనిక రాను’ అని ఉండేసరికి వాళ్ళ అనుమానం ఇంకా పెరిగింది. డాక్టరు చూసి ఫరవాలేదంటే వదిలేస్తాం అన్నారు. డాక్టరు చూసి, ఈ అమ్మాయికి ఏమీ లేదు, కంగారు తప్ప అనేసరికి మధ్యాహ్నమైంది. తొమ్మిదింబావు విమానం ఎప్పుడో వెళ్ళిపోయింది. నిన్ను తీసుకెళ్ళే మరో విమానం మర్నాటికి గానీ లేదు. నువ్వు మా వంటింట్లో కూర్చుని, నా మెసేజ్ చూడలేదా దేయిదా అని అడిగావు. ఫోను కోటు జేబులో ఉండిపోయింది, పోలీసులు నీ జాడ చెప్పాక గానీ చూడలేదు అన్నాను. నేను విమానాశ్రయంలో ఉన్నట్టు వాళ్ళకెలా తెలిసింది అన్నావు. బస్సు డ్రైవరు చెప్పి ఉంటాడు అన్నాను. తలూపావు.

మర్నాడు పొద్దున నా కారులో వెళ్తుండగా మీ అమ్మగారి ఫోను వచ్చింది. నాకు మీ భాష రాదు, కానీ అర్థమైంది. మీ నాన్నగారు తెల్లవారుజామున వెళ్ళిపోయారు. ముందురోజు విమానం ఎక్కి ఉంటే అర్ధరాత్రికల్లా ఆయన పక్కన ఉండేదానివి. నువ్వు ఆగిపోయావని ఆయనకి చెప్పలేక, పిల్ల విమానంలో ఉంది, వచ్చేస్తోంది అని మీ అమ్మగారు చివరిదాకా చెబుతూనే ఉన్నారట. ఫోను ఒళ్ళో పెట్టుకుని ఇది నువ్వే నాకు చెప్పావు. ఏ తప్పూ లేకుండా చెప్పావు. ఏడిస్తే బాగుండుననుకున్నాను. నువ్వు ఏడవలేదు, నేను ఏడిచాను. దిగేటప్పుడు తలుపు మీద చెయ్యి పెట్టి, ‘బండిలో తెచ్చినందుకు కృతజ్ఞతలు’ అన్నావు. సరిగ్గా అక్కడ అనాల్సిన మాటే. నువ్వు నన్ను తిట్టి ఉంటే ఈ ఆరు వారాలూ నాకు నిద్ర పట్టేది.

నాతేలా, నా చేతుల మీదుగా నీకు జరిగిన నష్టం పూడ్చలేనిది. నేను చీటీని తప్పుగా చదివాను. చెడు తలపెట్టి చేసింది కాదు, నీ ప్రాణం మీది భయంతో చేసింది. నిన్ను నదిలో వెతుకుతున్నారన్న ఆ అరగంట నేను బతికి లేను. ఆ భయాన్ని చూసి నన్ను క్షమించు. గదికి అద్దె వద్దు. వచ్చి థీసిస్ పూర్తి చెయ్యి. నాతో మాట్లాడనక్కర్లేదు, పైకి రానక్కర్లేదు. కింద నీ అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు. మీ అమ్మగారికి నా నమస్కారాలు అందించు, ఆవిడ పుచ్చుకుంటారనిపిస్తేనే.

ఇట్లు,
నువ్వు పెట్టిన వరసకి తగనిదైన
గున్‌వోర్

తా.క. కవరు అతికించి, మూడు రోజులు బల్ల మీద ఉంచుకుని, ఇవాళ చించాను. ఇలా పంపితే నువ్వు క్షమిస్తావు. అదే నా భయం.

ఆ పొద్దున ఫోను కోటు జేబులో లేదు. నా చేతిలో ఉంది. నీ మెసేజ్ ఏడుంబావుకే చూశాను. పోలీసులు అప్పటికి ఇంకా వంతెన దగ్గరే ఉన్నారు. నువ్వు క్షేమంగా ఉన్నావు, మీ నాన్నగారికి బాగోలేదు, ఇంటికి వెళ్తున్నావు. అంతా అర్థమైంది. బల్ల పట్టుకుని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. తర్వాత చివరి వాక్యం చదివాను. నేనిక రాను.

పోలీసులకి మళ్ళీ ఫోను చేసింది నేనే. అమ్మాయి దొరికింది, ఆపండి అని చెప్పడానికే చేశాను. ఆ కుర్రాడు ఏమైనా తెలిసిందా అన్నాడు. విమానాశ్రయంలో ఉండొచ్చు అన్నాను. అంతే అన్నాను. మెసేజ్ సంగతి చెప్పలేదు. విమానం తప్పితే ఇంటికొస్తావు, వేడివేడిగా వాఫిల్స్ వేస్తాను, వెళ్ళి చూసి రా, మళ్ళీ వచ్చెయ్యి అని నచ్చజెబుతాను, రేపు ఇంకో విమానం ఉంటుంది అనుకున్నాను. మీ నాన్నగారికి రేపు లేదని నాకు తెలియదు. నువ్వు డాక్టరు గది బయట కూర్చున్న ఆ మూడు గంటలూ నేను ఇక్కడ పిండి కలుపుతున్నాను.

బల్ల మీద చీటీని తప్పుగా చదివాను, నాతేలా. ఫోనులో నువ్వు రాసినదాన్ని సరిగ్గానే చదివాను.