నా దాహం, తేజ దాహం

14 ఆగస్టు 1999
జువాలజీ ప్రాక్టికల్స్ మూడు గంటల్లో ఐదుసార్లు బయటికెళ్ళేను. వెనక బెంచీ వాళ్ళు లెక్కపెట్టేరు. వీడు త్రిమూర్తులు కాదురా, గోదావరి అన్నారు. నేనూ నవ్వేను. ఇరవై ఏళ్ళొచ్చేయి, పక్కన నీళ్ళ క్యాను లేకుండా అల్లవరం నుంచి అమలాపురం కాలేజీకి కూడా రాలేను.

క్లాసయ్యాక ప్రకాశరావు మాస్టారు ఆగమన్నారు. తిడతారనుకున్నాను. రోజుకి ఎంత తాగుతావు అని అడిగేరు. పన్నెండు లీటర్లండి అన్నాను. చిన్నప్పట్నుంచా? ఆయ్. షుగరు చూపించుకున్నావా? మూడుసార్లండి, లేదన్నారండి. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచేరు. కాకినాడలో విజయకుమారి గారని తెలిసిన డాక్టరున్నారట. చీటీ రాసిచ్చేరు.

2 సెప్టెంబరు, కాకినాడ
పరీక్ష కోసం ఉదయం ఏడు నుంచి నీళ్ళివ్వలేదు. గంటగంటకీ బరువు చూసేరు, మూత్రం చూసేరు. పదింటికి నాలిక అంగిలికి అంటుకుపోయింది. పక్క గదిలో ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడికి ఏడుపొచ్చింది. పదకొండుకి రెండు కిలోలు తగ్గేను. అయినా మూత్రం నీళ్ళలాగే పోతోంది. అప్పుడు హార్మోను ఇంజక్షన్ చేసేరు. కాసేపు ఆగి చూసేరు. ఏం మారలేదు. విజయకుమారి గారే చెంబు తెచ్చిచ్చేరు. తాగినంతసేపూ నా వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

3 సెప్టెంబరు
జబ్బుకి పేరుంది. నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్. డయాబెటిస్ అని ఉన్నా షుగరుతో సంబంధం లేదు.

డాక్టరు గారు చీటీ వెనక బొమ్మ గీసి చెప్పేరు. నీళ్ళు వదలొద్దని మెదడు ఒక హార్మోను పంపిస్తుంది. కిడ్నీ కణాల పైపొర మీద దాన్ని పట్టుకునే రిసెప్టర్లుంటాయి. అవి పట్టుకుంటే లోపలికి సిగ్నల్ వెళ్తుంది, కణం నీళ్ళని వెనక్కి లాక్కుంటుంది. నాకు హార్మోను ఉంది. రిసెప్టరు కూడా తయారవుతూనే ఉండి ఉంటుంది. కాని దాని మడత కొంచెం తేడాగా పడితే కణం దాన్ని లోపలే ఆపేస్తుందట. పైపొర దాకా పంపదట. హార్మోను వచ్చినా పట్టుకునేవాళ్ళుండరు. నాలో కచ్చితంగా అదేనా అంటే జీన్ పరీక్ష చెయ్యాలి, అది ఇక్కడ లేదు, ఎక్కువమందిలో మాత్రం ఇదే అన్నారు.

అయితే నాది అలవాటు కాదాండి అని అడిగేను. కాదన్నారు.

అలవాటు మానుకోమని అనని వాళ్ళు లేరు. నేను ఏడో తరగతిలో ఉండగా నాన్న వంటింటికి తాళం వేసేరు.

4 సెప్టెంబరు
నాన్న అంతా విన్నారు. సాయంత్రం నా మంచం పక్కన కొత్త కుండ ఉంది.

5 సెప్టెంబరు
ఉప్పు తగ్గించాలి. ఆవకాయ లేదు. ఇంకేం రాయను.

21 సెప్టెంబరు
మాత్రలు పనిచేస్తున్నాయి. మామూలు వాళ్ళకి మూత్రం ఎక్కువ పోవడానికిచ్చే మాత్రేనట, నాలాంటి వాళ్ళకి తగ్గిస్తుందట. పన్నెండు లీటర్లు ఏడుకి దిగింది.

ఇది తల్లి వైపు నుంచి మగపిల్లలకి వస్తుందని ఇవాళ అమ్మకి చెప్పేను. అమ్మ బియ్యం చేట కింద పెట్టేసింది. తన తమ్ముళ్ళిద్దరూ ఏడాది నిండకుండానే పోయేరట. జ్వరమొచ్చి, వాడిపోయి. పసివాళ్ళకి నీళ్ళు పట్టకూడదని ఎవరూ పట్టలేదట. నా వల్లేనా నీకిది అంది. నీ తప్పేముందమ్మా అన్నాను. ఇద్దరికీ ఒకేసారి చెల్లి గుర్తొచ్చింది.

భవాని మండపేటలో ఉంది. ఐదో నెల.

27 జనవరి 2000
మగపిల్లాడు. మూడు కిలోలు. తేజ అని పేరు పెడతారట. వాడికి రావచ్చు, రాకపోవచ్చు, కనిపెట్టుకుని ఉండమన్నారు విజయకుమారి గారు.

18 ఏప్రిల్, ఉదయం 6
భవాని ఫోను. తేజకి మూడ్రోజులుగా జ్వరం, పాలు కక్కేస్తున్నాడు. నిన్న ఆసుపత్రిలో చేర్చి సెలైన్ పెట్టేరు. ఇంకా వాడిపోతున్నాడట. బట్టలు తడుపుతున్నాడా అని అడిగేను. మార్చలేకపోతున్నానన్నయ్యా అంది. క్యాను నింపేను.

అదే రోజు, సాయంత్రం 5
రావులపాలెం దాటేక ఇక ఆపుకోలేకపోయేను. కండక్టరు గారు వచ్చే స్టాపు దాకా ఆగమన్నారు. లేచి నిలబడి బస్సందరికీ వినపడేలా చెప్పేను, నాకు పుట్టుకతో జబ్బుందండి, రెండు నిమిషాలు ఆపండి అని. ఆ మాట ఎప్పుడూ బయటికి అనలేదు. బస్సు ఆగింది. ఎవరూ నవ్వలేదు. తిరిగొచ్చేసరికి ముందు సీటు పెద్దాయన నా క్యాను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

తేజ కళ్ళు లోపలికి పోయేయి. ఏడుస్తున్నాడు, కన్నీళ్ళు లేవు. కింద గుడ్డ మాత్రం తడిసి బరువుగా ఉంది. కుర్ర డాక్టరు గారిని పట్టుకున్నాను. ఇంత ఎండిపోయినవాడు ఇలా తడపకూడదు కదండి, నాకూ ఇదే జబ్బండి, సెలైన్‌లో ఉప్పుంటుంది కదండి అన్నాను. కాకినాడ చీటీ చూపించేను. రెండుసార్లు చదివేరు. రక్తంలో సోడియం, అంటే ఉప్పు, ఎంతుందో పరీక్ష చేయించేరు. 168, నూట నలభై ఐదు దాటకూడదట. విజయకుమారి గారితో ఫోన్లో ఇరవై నిమిషాలు మాట్లాడేరు. వచ్చి సెలైన్ మార్చి గ్లూకోజు పెట్టేరు. నెమ్మదిగా దించాలట, ఒక్కసారిగా దిగితే మెదడుకి ప్రమాదమట. చెంచాతో నీళ్ళు పట్టమన్నారు.

మూడు నెలల పిల్లాడికి నీళ్ళేంటని భవాని అత్తగారు చెంచా పట్టుకున్నారు. నాకు ఇద్దరు మేనమామలుండాలండి అత్తయ్యగారూ, లేరు, అంది భవాని. ఆవిడ చెంచా వదిలేసేరు.

19 ఏప్రిల్
161.

21 ఏప్రిల్
తేజ కన్నీళ్ళతో ఏడ్చేడు. భవాని అవి వేలితో తుడిచి, అందరికీ చూపించి, నవ్వింది.

12 నవంబరు
ప్రకాశరావు మాస్టారు ఇంటికి పిలిచేరు. ఏదో విదేశీ పత్రికలో వచ్చిందట. ల్యాబులో గిన్నెలో పెంచిన కణాల్లోకి ఒక చిన్న మందు వెళ్ళి, లోపల ఇరుక్కున్న రిసెప్టరుని సరిగ్గా మడత పడనిచ్చిందట. అది పైపొర దాకా వచ్చి సిగ్నల్ కూడా ఇచ్చిందట. మనుషుల్లో ఇంకా చూడలేదు, ఆశలు పెట్టుకోకు అన్నారు. అంటూనే ఆ పేజీ మూడోసారి చదివి వినిపించేరు.

3 మార్చి 2001
జీన్ పరీక్షకి విజయకుమారి గారు మూడు సీసాలు విదేశానికి పంపించేరు. నా రక్తం, అమ్మది, తేజది. ఇవాళ విమానం ఎక్కేయట. అమ్మ పెరట్లోకెళ్ళి ఆకాశం చూసి, మనం ఇప్పుడు ఎందాకా వెళ్ళుంటాంరా అని అడిగింది.